డిసెంబరు చెన్నై: కచేరీలు, క్యారల్స్, కల్‌కల్స్

చెన్నైలో సంగీతం సీజన్ డిసెంబరులోనే ఎందుకు వస్తుందని అడిగితే ధనుర్మాసం కదా అంటారు. అది నిజమే గానీ ఇంకో సంగతీ ఉంది. పూర్వం కాంగ్రెస్ మహాసభలు క్రిస్మస్ సెలవుల్లో జరిగేవి. అప్పుడు కోర్టులకీ ఆఫీసులకీ సెలవులు కాబట్టి లాయర్లూ ఉద్యోగులూ వచ్చేవాళ్ళు. 1927 డిసెంబరులో ఆ సభలు మద్రాసులో జరిగినప్పుడు వాటితో పాటే అఖిల భారత సంగీత సభ కూడా పెట్టారు. అక్కడ అనుకున్నదే మరుసటి ఏడు 1928లో మ్యూజిక్ అకాడమీగా మొదలైంది. అంటే ఈ కచేరీలకీ క్రిస్మస్‌కీ ఎప్పటినుంచో చుట్టరికం ఉంది.

మా అమ్మకి ఈ రెండూ ప్రాణం. గుంటూరులో మా చర్చి క్వయర్‌లో చిన్నప్పటి నుంచీ పాడుతోంది. పెళ్ళికి ముందు పక్కవీధి సంగీతం టీచరు గారి దగ్గర వర్ణాల దాకా నేర్చుకుంది కూడా. పెరంబూర్‌లో ఉండే పిన్ని "క్రిస్మస్‌కి రా అక్కా, కచేరీలు కూడా వినొచ్చు" అని పిలుస్తూనే ఉంటుంది. పోయిన డిసెంబరులో నేనూ అమ్మా వెళ్ళాం.

డిసెంబరు 21, పెరంబూర్

పెరంబూర్ అంటే రైల్వే వాళ్ళ ఊరు. పాత వర్క్‌షాపులు, 1955లో మొదలైన కోచ్ ఫ్యాక్టరీ, వాటి చుట్టూ క్వార్టర్లు. బాబాయి ఆ ఫ్యాక్టరీలోనే చేసి రిటైరయ్యారు. వాళ్ళ వీధిలో తమిళులు, తెలుగువాళ్ళు, మలయాళీలు, కొద్దిమంది ఆంగ్లో ఇండియన్లు ఉన్నారు. మేం వెళ్ళేసరికి ఇంటింటికీ కాగితం నక్షత్రాలు వేలాడుతున్నాయి. క్రిస్టియన్లు కాని ఇళ్ళ ముందు కూడా ఉన్నాయి, పిల్లలు అడిగారని కట్టామన్నారు. ఆ పక్కనే గుమ్మంలో ధనుర్మాసం ముగ్గు, ముగ్గు మధ్యలో పేడముద్దలో గుచ్చిన గుమ్మడిపువ్వు.

పిన్ని వాళ్ళ పక్కింట్లో ఒక ఆంగ్లో ఇండియన్ ఆంటీ ఉంటారు. భర్త ఇంజిన్ డ్రైవరు, పోయి చాలా ఏళ్ళయింది. పిల్లలు ఆస్ట్రేలియాలో, పెర్త్‌లో. ఆవిడ ఆ మధ్యాహ్నం కల్‌కల్స్ చేస్తున్నారు, సాయానికి రమ్మని పిన్నిని పిలిస్తే మేమూ వెళ్ళాం. మైదా, గుడ్లు, వెన్న, పంచదార, చిక్కటి కొబ్బరిపాలు వేసి కలిపిన పిండి పెద్ద పళ్ళెంలో తడిగుడ్డ కింద ఉంది. ఉసిరికాయంత ఉండ తీసుకుని ఫోర్కు పళ్ళ మీద పెట్టి, బొటనవేలితో నొక్కి ముందుకు సాగదీసి, మళ్ళీ తనలోకి చుట్టేస్తున్నారు. పైన గీతలు పడిన చిన్న చుట్ట తయారవుతుంది. దాన్ని సన్నటి సెగ మీద నూనెలో వేయిస్తారు. మంట పెద్దదైతే పైన ఎర్రబడి లోపల పచ్చిగా ఉండిపోతుంది.

అమ్మ రెండు నిమిషాలు చూసి, "ఇవి మన గవ్వలే కదండీ!" అంది. ఫోర్కు పక్కన పెట్టేసి, ఇంట్లో కొత్త దువ్వెన ఉంటే ఇమ్మని అడిగింది. ఆంటీ పకపకా నవ్వారు. వాళ్ళమ్మ కూడా దువ్వెన మీదే చేసేదట. క్రిస్మస్ కోసం ఒక దువ్వెన విడిగా కొని డబ్బాలో దాచేదట. అమ్మకి గవ్వలు చేసిన చేయి కాబట్టి చకచకా వచ్చేశాయి. మనం గవ్వల్ని బెల్లం పాకంలో వేస్తాం, ఆవిడ పంచదార పాకం పట్టించి తెల్లగా ఆరబెట్టారు. తేడా అంతే. ఈ పిండివంట పోర్చుగీసు వాళ్ళ ఇళ్ళ నుంచి ఇటు వచ్చిందా, మన వంటిళ్ళ నుంచి అటు వెళ్ళిందా అని వాళ్ళిద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు. ఆంటీకి తెలుగు రాదు, అమ్మకి తమిళం అంతంత మాత్రం. అయినా మాట ఎక్కడా ఆగలేదు.

కేక్ కోసం ఎండుద్రాక్ష, చెర్రీలు, నారింజ తొక్కలు అక్టోబరులోనే రమ్‌లో నానబెట్టారట. ఆ సీసా మూత తీసి మాకు వాసన చూపించారు. ఒకప్పుడు కొత్త సంవత్సరం రాత్రి పన్నెండింటికి షెడ్డులోని ఇంజిన్లన్నీ ఒక్కసారి కూత పెట్టేవనీ, ఆ కూత వినగానే వీధిలో అందరూ బయటికొచ్చి ఒకళ్ళనొకళ్ళు పలకరించుకునేవాళ్ళనీ చెప్పారు.

రాత్రి తొమ్మిదిన్నరకి క్యారల్స్ బయలుదేరాయి. పిన్ని వాళ్ళ తెలుగు చర్చి యూత్ ఒక మినీ వ్యాన్ మాట్లాడుకున్నారు. గిటారు, డోలక్, తాళాలు, బ్యాటరీతో నడిచే కీబోర్డు, ఎర్రకోటు వేసుకున్న క్రిస్మస్ తాత. ఇల్లు వస్తే దిగడం, తలుపు దగ్గరే రెండు పాటలు, ఒక ప్రార్థన, పిల్లలకి చాక్లెట్లు, ఇంటివాళ్ళిచ్చే కవరు, మళ్ళీ వ్యాను. ఒక ఇంట్లో టీ, ఇంకో ఇంట్లో మురుకులు, మరో ఇంట్లో వేడివేడి బోండాలు. తెలుగువాళ్ళ ఇల్లయితే తెలుగు పాట, తమిళుల ఇల్లయితే తమిళ పాట, ఆంటీ వాళ్ళింటి దగ్గర ఇంగ్లీషు.

అక్కడ పాడింది 'జాయ్ టు ది వరల్డ్'. ఐజాక్ వాట్స్ 1719లో రాసిన పాట, వరస తర్వాతి కాలానిది. మళ్ళీ వ్యాన్ ఎక్కుతుంటే అమ్మ కీబోర్డు అబ్బాయి భుజం తట్టి, "నాన్నా, ఆ మొదటి లైను మళ్ళీ వాయించు" అంది. వాయించాడు. అమ్మ దానితో పాటే "స ని ద ప, మ గ రి స" అని పాడింది. పైషడ్జం నుంచి కిందిషడ్జం దాకా ఒక్క స్వరం కూడా తప్పకుండా దిగిపోతుంది. శంకరాభరణం రాగం అవరోహణ, అంటే స్వరాలు పైనుంచి కిందికి దిగే వరస. ఆ అబ్బాయి ఇంజినీరింగ్ మూడో ఏడు, యూట్యూబ్ చూసి కీబోర్డు నేర్చుకున్నాడు. పాశ్చాత్య సంగీతంలో ఆ స్వరాల వరసనే మేజర్ స్కేల్ అంటారు. అతనికి మేజర్ స్కేల్ అని తెలుసు, శంకరాభరణం అని తెలియదు. తర్వాత మూడు ఇళ్ళ దాకా వ్యాన్‌లో అదే వాయించాడు.

డిసెంబరు 22, మైలాపూర్

పెరంబూర్ నుంచి లోకల్ ట్రైన్‌లో సెంట్రల్, అక్కడ రోడ్డు కిందుగా దాటి పార్క్ టౌన్, అక్కడ నుంచి పైన పోయే రైల్లో తిరుమయిలై, అంటే మైలాపూర్ స్టేషన్. ఇద్దరికీ కలిపి రూ. 20 కంటే ఎక్కువ కాలేదు. ఆటోకి రూ. 350 అడిగారు.

తెల్లవారుజామునే చేరాం కాబట్టి కపాలీశ్వరుడి గుడి చుట్టూ మాడవీధుల్లో భజన దొరికింది. తాళాలు పట్టుకుని నడుస్తూ పాడతారు, వెనక స్వెట్టర్లు వేసుకున్న పెద్దవాళ్ళు, నిద్రమొహాల పిల్లలు. 1973లో కన్నుమూసిన వాగ్గేయకారుడు పాపనాశం శివన్ ఈ వీధుల్లో ఏళ్ళ తరబడి మార్గళి భజన నడిపించారు. మన ధనుర్మాసాన్నే తమిళులు మార్గళి అంటారు. రాత్రి పెరంబూర్‌లో మేం ఇల్లిల్లూ తిరిగి పాడాం, పొద్దున్నే వీళ్ళు వీధివీధీ తిరిగి పాడుతున్నారు. అమ్మకి ఇది ఎంత నచ్చిందంటే, చెప్పులు చేత్తో పట్టుకుని రెండు వీధులు వాళ్ళతో పాటు నడిచింది.

పొగలు కక్కే పొంగలి, గారె, ఫిల్టర్ కాఫీ అయ్యాక లజ్ చర్చికి వెళ్ళాం. దారంతా తవ్వకాలు, రేకుల గోడలు. ఒక్క మలుపులో తిరగాల్సింది నాలుగు సందులు చుట్టి వెళ్ళాం. 1516లో పోర్చుగీసు వాళ్ళు కట్టింది, నగరంలో మిగిలిన చర్చిల్లో చాలా పాతది. సముద్రంలో దారి తప్పిన నావికులకి ఒక వెలుగు కనబడి ఒడ్డుకి చేర్చిందనీ, ఆ వెలుగు మాయమైన చోటే ఈ గుడి కట్టారనీ కథ. అప్పట్లో ఇక్కడంతా అడవి, అందుకే తమిళులు ఇప్పటికీ కాట్టు కోయిల్ అంటారు. లోపల క్రిస్మస్ కోసం యేసు పుట్టిన పశువుల పాక బొమ్మలతో కడుతున్నారు. ఒకావిడ వెడల్పాటి ట్రేలో మొలకెత్తించిన రాగుల్ని మట్టితో సహా గడ్డలుగా ఎత్తి పాక ముందు పరుస్తోంది. వారం క్రితం చల్లారట. రెండంగుళాలు ఎదిగి అచ్చం పచ్చికే. గొర్రెపిల్లల బొమ్మలు అందులో సగం దాకా మునిగాయి. మా ఇళ్ళల్లో ఇంకా ఆకుపచ్చ కాగితమే వేస్తున్నాం. ఇది నేర్చుకోవాల్సిన పద్ధతి.

మధ్యాహ్నం కచేరీలకి చాలా సభల్లో, అంటే కచేరీలు పెట్టే సంస్థల్లో, టికెట్ ఉండదు. అప్పుడు పాడేది కొత్తగా పైకొస్తున్న పిల్లలు. మేం వెళ్ళిన హాల్లో ఓ ఇరవై రెండేళ్ళ అమ్మాయి పాడుతోంది. వర్ణం తెలుగు, తర్వాత మూడు త్యాగరాజ కీర్తనలు, అన్నీ తెలుగే. చుట్టూ కూర్చున్నవాళ్ళలో తెలుగు మాట్లాడేవాళ్ళు మేమిద్దరమే అయుంటాం. కానీ సగం మంది పెదవులు ఆ సాహిత్యంతో కదులుతున్నాయి. నా పక్క సీటులో కూర్చున్న తమిళ పెద్దావిడ, మామి దగ్గర ఒక చిన్న నోటు పుస్తకం ఉంది. ప్రతి పాటకీ రాగం, తాళం, ఎన్ని నిమిషాలు పాడారో రాసుకుంటున్నారు. అమ్మ తొడ మీద వేస్తున్న తాళం సరిగ్గా పడుతుంటే చూసి తల ఊపారు. అంతే, స్నేహం కుదిరిపోయింది.

నాకు నచ్చని సంగతి ఒక్కటే. మృదంగం వాళ్ళ తని ఆవర్తనం, అంటే పాట ఆగి వాళ్ళొక్కరే వాయించే ఘట్టం, మొదలవగానే హాల్లో మూడోవంతు మంది లేచి క్యాంటీన్‌కి వెళ్ళిపోతారు. ఆ మృదంగం అబ్బాయికి పద్దెనిమిదేళ్ళు ఉంటాయేమో. అప్పటిదాకా గాయనిని అనుసరిస్తూ వచ్చాడు, తనకంటూ దొరికే పది నిమిషాలు అవే. చేతిరుమాళ్ళు వేసి వెళ్ళినవాళ్ళ ఖాళీ కుర్చీల ముందు అతను వాయిస్తుంటే మనసు చివుక్కుమంది. మామి కదల్లేదు. ఆఖరి ముక్తాయింపు అయ్యాక రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొట్టారు.

క్యాంటీన్‌కి ఆ తర్వాతే. ఆకులో భోజనం మనిషికి రూ. 550. ఖరీదే. కానీ రెండు కూరలు, పాయసంతో పాటు అక్కారవడిసల్ అనే పాల చక్కెర పొంగలి, అరటిపువ్వు వడ, మెత్తటి మజ్జిగపులుసు. వడ్డించేవాళ్ళు ఆకు ఖాళీ కానివ్వరు. "సాంబారు తర్వాత రసం అడగండి, ఈ ఏడు రసం బాగుంది" అని మామి ముందే చెప్పారు. రసం నిజంగానే బాగుంది, మూడుసార్లు వేయించుకున్నాం.

సాయంత్రం శాంథోమ్. క్రీస్తు శిష్యుడు తోమా సమాధి మీద కట్టారని నమ్మే చర్చి. మార్కో పోలో కాలానికే ఇక్కడికి యాత్రికులు వచ్చేవాళ్ళు. ఇప్పుడున్న తెల్లటి గోపురం 1896 నాటిది, 1956లో బసిలికా హోదా వచ్చింది. సమాధి గదిలోకి మెట్లు దిగితే పదిమంది మోకాళ్ళ మీద ఉన్నారు. వాళ్ళలో బొట్లు పెట్టుకున్నవాళ్ళే ఎక్కువ.

డిసెంబరు 23, జార్జ్ టౌన్, కోట

పొద్దున్న సెంట్రల్‌లో దిగి, సెయింట్ జార్జ్ కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి అని ఆటో ఎక్కితే ఆర్మీనియన్ స్ట్రీట్‌లో దింపాడు. అక్కడా ఒక సెయింట్ మేరీస్ ఉంది మరి. మంగళవారం కావడంతో అంతోణియార్‌కి, అంటే సెయింట్ ఆంటోనీకి, మొక్కుకునే జనం గేటు దాకా ఉన్నారు, కొవ్వొత్తులు రూ. 10, పూలదండ రూ. 40. సరే, వచ్చాం కదా అని లోపలికెళ్ళి కొవ్వొత్తి వెలిగించాం. బయటికొచ్చి ఆర్మీనియన్ల గంటల చర్చి ఎటని ఒక గాజుల కొట్లో అమ్మ వచ్చీరాని తమిళంలో అడిగితే, కొట్టాయన "తెలుగులో అడగండమ్మా, మాది ఒంగోలే" అన్నాడు. వాళ్ళ తాతల నాడు వచ్చారట. కన్యకాపరమేశ్వరి గుడి, కొత్వాల్ చావడి, ఆ చుట్టుపక్కల తెలుగు వైశ్యుల కొట్లు తరాలుగా ఉన్నాయి. ఆర్మీనియన్ చర్చి నాలుగడుగుల దూరమే అని దారి చూపించాడు.

చెక్కతలుపు దాటి లోపలికి అడుగుపెట్టగానే వీధి గోల తగ్గిపోయింది. 1772లో కట్టిన చర్చి ఇది. నేలంతా సమాధి రాళ్ళు, వాటి మీద మాకు అంతుచిక్కని లిపి. గంటల గోపురం చర్చికి విడిగా ఉంటుంది, అందులో ఆరు గంటలు. ఇరాన్ వైపు నుంచి వచ్చిన ఆర్మీనియన్ వర్తకులు ఒకప్పుడు ఈ పట్నంలో పట్టు, రత్నాల వ్యాపారం చేశారు. వాళ్ళ భాషలో ప్రపంచంలోనే మొట్టమొదటి పత్రిక 1794లో మద్రాసులోనే అచ్చయింది. దాన్ని నడిపిన ఫాదర్ ష్మావోనియన్ సమాధి ఇక్కడే ఉంది. ఇప్పుడు ఆరాధనకి వచ్చే సంఘం లేదు, కాపలా ఉండి శుభ్రంగా చూసుకుంటున్నారు. ఒక్క నక్షత్రం కూడా కట్టలేదేమిటని అమ్మ అడిగింది. ఆర్మీనియన్ల క్రిస్మస్ జనవరి 6న.

అక్కడి నుంచి కోట. సచివాలయం కాబట్టి గేటు దగ్గర ఆధార్ చూపించాలి, సంచులు స్కాన్ చేస్తారు. సెయింట్ మేరీస్ 1680 నాటిది. ఫిరంగి గుండ్లు పడ్డా తట్టుకునేలా పైకప్పును మందంగా, కమానుగా కట్టారు. 1753లో రాబర్ట్ క్లైవ్ పెళ్ళి ఇక్కడే. అమెరికాలో యేల్ యూనివర్సిటీకి పేరిచ్చిన ఎలిహు యేల్ పెళ్ళి కూడా ఇక్కడే, చర్చి కట్టిన ఏడాదే జరిగింది. సిబ్బంది బలిపీఠం చుట్టూ పూలు పెడుతున్నారు. ఆర్గన్ దగ్గర ఒకాయన మర్నాటి పాటలు సాధన చేస్తున్నారు.

కానీ నేను ఈ కోటకి రావాలనుకున్నది క్లైవ్ కోసం కాదు, కర్ణాటక సంగీత త్రిమూర్తుల్లో ఒకరైన ముత్తుస్వామి దీక్షితుల కోసం. దీక్షితుల కుటుంబం కొంతకాలం మద్రాసు పక్కన మణలిలో, అక్కడి మొదలియార్ల పోషణలో ఉంది. అప్పుడు ఈ కోటలో ఇంగ్లీషు వాళ్ళ బ్యాండు వినడం వాళ్ళకి అలవాటైంది. ఆ బ్యాండు బాణీలకి దీక్షితులు సంస్కృతంలో సాహిత్యం రాశారు. నొట్టుస్వరాలంటే అవే. అన్నీ శంకరాభరణంలోనే, ఒకటైతే ఇంగ్లండు రాజుగారి జాతీయగీతం బాణీ. తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఆ వాద్యగాళ్ళ ఫిడేలు నేర్చుకుని కర్ణాటక సంగీతానికి మలిచారు. నిన్న కచేరీలో గాయని పక్కన కూర్చుని పాట వరసలోని ప్రతి సంగతీ, ప్రతి మలుపూ అందుకున్న వయొలిన్ ఆ దారిన వచ్చిందే. చర్చి మెట్ల మీద కూర్చుని అమ్మకి ఇదంతా చెబుతుంటే, "అయితే మన వ్యాన్ అబ్బాయి చేసింది కూడా దీక్షితుల పనే" అంది. ఇది ఎవరో ఒకరు పిల్లలకి ముందే చెప్పాల్సిన సంగతి. మా సంగీతం క్లాసుల్లో నొట్టుస్వరాలు నేర్పారు గానీ అవి ఎక్కడివో ఎవరూ చెప్పలేదు.

సాయంత్రం బర్మా బజార్ దగ్గర అత్తో తిన్నాం. బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ళు తెచ్చిన తిండి. లావు నూడుల్స్, కేబేజీ, వేయించిన ఉల్లి, చింతపండు రసం, నిమ్మకాయ అన్నీ చేత్తోనే కలిపి ఇస్తారు. ప్లేటు రూ. 80. అరటిదూట వేసిన వేడి సూపు పక్కనే, ఎన్నిసార్లయినా పోస్తారు.

డిసెంబరు 24, మౌంట్, తర్వాత అర్ధరాత్రి

సెయింట్ థామస్ మౌంట్ కొండ మెట్లు అమ్మ ఆగి ఆగి ఎక్కింది. ఈ మెట్లు కట్టించింది కూడా ఒక ఆర్మీనియన్ వర్తకుడే, కోజా పెట్రస్ ఉస్కాన్. సైదాపేట దగ్గర అడయారు మీద 1726లో వంతెన వేయించిందీ ఆయనే. మెట్ల పక్కన శిలువ మార్గం చిత్రాలు, మధ్యలో మజ్జిగ అమ్మే ముసలమ్మ, గ్లాసు రూ. 15.

పైన చిన్న చర్చి. బలిపీఠం వెనక ఉన్న రాతి శిలువ 1547లో పునాదులు తవ్వుతుంటే దొరికింది, దాని చుట్టూ పహ్లవీ అనే పాత పర్షియన్ లిపిలో రాత ఉంది. డిసెంబరు 18న ఈ శిలువ చెమర్చేదని, రక్తం కారేదని పాత నమ్మకం. ఆ రోజే ఇక్కడ పండగ కూడా. బయట గోడ దగ్గర నిలబడితే మీనంబాక్కం రన్‌వే కింద పరిచినట్టు కనబడుతుంది. ఒక తమిళ కుటుంబం పులిహోర పొట్లాలు విప్పి మాకూ పెట్టారు. వద్దంటే ఊరుకోలేదు.

రాత్రి పదకొండున్నరకి పిన్ని వాళ్ళ చర్చి. కొత్త చీరలు, మల్లెపూలు, నిద్రపోతూ భుజాల మీద పిల్లలు. మొదట బ్యాండుతో కొత్త పాటలు. అవి అయ్యాక హార్మోనియం ముందుకి ఒక పెద్దాయన వచ్చి కూర్చున్నారు, ఎనభై దాటి ఉంటాయి. చేతిలో నల్ల అట్ట ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం. ఆ పుస్తకంలో ప్రతి కీర్తన పైనా రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి గారి కీర్తన మొదలుపెట్టే ముందు ఆయన కళ్ళు మూసుకుని ఒక నిమిషం రాగం తీశారు. పెద్ద ఆలాపనేమీ కాదు, ఆరేడు సంగతులు. గొంతు వణికింది గానీ శ్రుతి తప్పలేదు. అమ్మ నా చేయి పట్టుకుంది. పల్లవి రెండోసారికి హాలంతా అందుకుంది.

చౌదరి గారు 1803లో పుట్టి 1890లో పోయారు. త్యాగయ్య బతికున్న రోజుల్లోనే తెలుగులో క్రీస్తు మీద కీర్తనలు రాసినవాడు. మైలాపూర్ సభలో విన్న సంప్రదాయానికి ఈ కీర్తనలు దగ్గరి బంధువులు. నా బాధల్లా ఒక్కటే. ఇప్పుడు చర్చిల్లో పాటలు తెర మీద వేస్తున్నారు, వేసేటప్పుడు ఆ రాగం, తాళం లైను తీసేస్తున్నారు. అక్షరాలు పెద్దవిగా కనబడాలని కావచ్చు. ఒక్క లైను చోటు మిగులుతుంది, దానితో పాటు ఆ పాట ఎలా పాడాలన్నదీ పోతుంది. పెద్దాయన తర్వాత ఆ కీర్తన అందుకునేవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉన్నారట. బాబాయిని పట్టుకుని ఆ లైను ఉంచమని కమిటీకి చెప్పమన్నాను. చెబుతానన్నారు.

డిసెంబరు 25

పొద్దున్నంతా వంటిల్లు. పిన్ని బిరియాని, అమ్మ అరిసెలు, గులాబీపూల పిండివంట. ఆంటీ ప్లమ్ కేక్ పళ్ళెంతో వచ్చి మా అరిసెలతో వెళ్ళారు. వీధిలో అన్ని ఇళ్ళకీ మూత పెట్టిన పళ్ళేలు నడిచాయి, ఒక్కటీ ఖాళీగా తిరిగి రాలేదు. ఏమీ లేకపోతే పళ్ళెంలో కాస్త పంచదారైనా వేసి పంపుతారు.

డిసెంబరు 26, సముద్రం, అకాడమీ

2004లో సునామీ వచ్చింది ఈ రోజే. తెల్లవారే పట్టినపాక్కం వైపు వెళ్ళాం. బెస్తవాళ్ళు పాలు, పూలు సముద్రంలో వదులుతున్నారు. శాంథోమ్ చర్చి వెనక ఒక కొయ్యస్తంభం ఉంది. ఆ స్తంభం దాటి సముద్రం రాదని తోమా చెప్పాడనీ, సునామీ రోజున నీళ్ళు దాని దాకా వచ్చి ఆగాయనీ అక్కడివాళ్ళ గట్టి నమ్మకం. పూలు వదులుతున్న ఒకామె మాతో ఆ మాటే చెప్పి, "మా ఆయన మాత్రం స్తంభానికి అటుపక్క ఉన్నాడు" అంది. అమ్మ ఆమె పక్కన ఇసుకలో చాలాసేపు కూర్చుంది.

మధ్యాహ్నం అకాడమీలో టికెట్ లేని కచేరీకి కీబోర్డు అబ్బాయి కూడా వచ్చాడు, బాబాయి దగ్గర నంబరు తీసుకుని ఫోన్ చేసి మరీ. జీన్స్‌లో రావచ్చా అని రెండుసార్లు అడిగాడు. వయొలిన్ సోలో. మూడో పాటకి శంకరాభరణం ఎత్తుకోగానే అమ్మ ఏమీ చెప్పలేదు, అతని వైపు చూసింది. అతని వేళ్ళు మోకాలి మీద మీటలు వెతుక్కుంటున్నాయి. కచేరీ అయ్యాక, ఆ జారుళ్ళూ గమకాలూ కీబోర్డులో ఎలా వస్తాయని అడిగాడు. రావు, గొంతుతో ముందు నేర్చుకోవాలని అమ్మ చెప్పింది. పెద్దాయన ఆదివారాలు చర్చిలో నేర్పుతారా అని అడిగి చూడమంది. అప్పుడే ఫోన్ తీసి బాబాయికి మెసేజ్ పెట్టాడు.

రాత్రి సెంట్రల్‌లో రైలెక్కాం. సంచీలో కల్‌కల్స్ డబ్బా, అరకిలో ప్లమ్ కేక్ రూ. 380, క్యాంటీన్‌లో కట్టించుకున్న కాశీ హల్వా. ఈసారి డిసెంబరు 18కే చేరాలని అమ్మ పట్టు పట్టింది, కొండ మీద పండగ చూడాలట. అకాడమీ కచేరీలు 15నే మొదలవుతాయి, అవి వదిలేస్తావా అన్నాను. "అయితే 14న బయల్దేరదాం" అంది.